కొక్కెం కింద చుక్క

ఫిబ్రవరి 2

బాబాయ్‌కి, నీ పెన్సిళ్ళన్నీ కొరికి పాడుచేసిన ఎలక రాస్తున్నది.

నాకు కొత్త పని ఇచ్చారు! జాతీయ పురస్కారాలు ఎవరికిస్తున్నారో, ఎందుకిస్తున్నారో తేల్చి, ఆ పద్ధతి మార్చడానికి ఒక కమిటీ వేశారు. దానికి నేను కార్యదర్శిని. పేరు గొప్పగా ఉంది గానీ, ఐదుగురు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే రాసుకోవడం, వాళ్ళు మరిచిపోయింది గుర్తుచెయ్యడం, మూడో అంతస్తుకి ఫైళ్ళు మోయించడం, ఇదీ పని. లిఫ్టు పోయిన ఎండాకాలం నుంచి కదలట్లేదు. మా అధ్యక్షురాలు రిటైరైన జడ్జిగారు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకొకటి పెట్టుకుని, మూడోది ఎక్కడ పెట్టానా అని బల్లంతా వెతుకుతుంటారు.

మొదటి వారానికే నాకు కళ్ళు తిరిగాయి. ఏటా నాలుగు వందల పన్నెండు పతకాలు బాబాయ్! అందులో దాదాపు మూడు వందలు కుర్చీకి ఇచ్చేవే. ఫలానా కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చుంటే చాలు, పతకం దానంతటదే నడిచొస్తుంది. మిగతా వందకీ సిఫార్సు రాసేది మళ్ళీ ఆ కుర్చీలవాళ్ళే. అన్నిట్లోనూ ఒకటే ముక్క: 'విశిష్ట సేవలు అందించినందుకు'. పళ్ళ డాక్టరుకీ అదే, రేవు అధికారికీ అదే.

ఇవన్నీ తగ్గించాలని మా కమిటీ ఆలోచన. ముప్ఫై మూడేళ్ళుగా పతకాల కార్ఖానాలో కూర్చుని వాటి వెనక పేర్లు చెక్కుతున్నది మా బాబాయే కాబట్టి, ముందు నీకు చెప్తున్నాను. కోపం రాదు కదా? ఫోను చేద్దామంటే సుత్తుల మోతకి నీ చెవులు పాడయ్యాయి, నా గొంతు చీమ మాట్లాడినట్టుందంటావు. అందుకే ఉత్తరం.

మొదటిరోజు ధైర్యం కోసం నాన్న పతకాన్ని సంచిలో వేసుకెళ్ళాను. ఆయన పోయి ఆరేళ్ళవుతున్నా, ఆ పెట్టె తెరిస్తే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. పిన్నిని అడిగానని చెప్పు.

నీ ఎలక


ఫిబ్రవరి 11

ఎలకమ్మా,

నీ ఉత్తరం ముందు మీ పిన్ని చదివేసి, ముఖ్యమైనవి తను చెప్పి, అక్కర్లేనివి చదువుకోమని నాకిచ్చింది. అక్కర్లేనివే బావున్నాయి.

తగ్గించు తల్లీ! నాలుగు వందల్ని నలభై చెయ్యి, నా మణికట్టు నీకు దణ్ణం పెడుతుంది. నిన్ననే ఒక మహానుభావుడి పేరు చెక్కాను. పేరుకి ముందు నాలుగు బిరుదులు, వెనక రెండు డిగ్రీలు. పతకం చూస్తే సీసా మూతంత. బిరుదులన్నీ చెక్కేసరికి పేరుకి చోటు లేదు. మా సూపర్వైజరొచ్చి, "బిరుదులు ముట్టుకోకండి, పేరు చిన్నదిగా చెక్కండి" అన్నాడు. అదీ వరస. పక్క బల్ల మీద మెరుగు పెట్టే మెరుగక్క దాన్ని తుడిచి తుడిచి, "ఈయన ఏం చేశాడో గానీ నా గుడ్డ మాత్రం అరిగిపోయింది" అంది. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ నోటికి జడిసే నేను సరిగ్గా చెక్కుతున్నాను.

నీకో సంగతి తెలుసా? పేరుతో పాటు ఆ సిఫార్సు కాగితం కూడా మా బల్ల మీదకొస్తుంది, పేరులో తప్పు పోకుండా. మిగతా ముగ్గురు చెక్కేవాళ్ళూ పేరు చూసుకుని కాగితం అవతల పడేస్తారు. నేను మొత్తం చదువుతాను. అదో జబ్బు.

ఇదిగో, ఒక్కమాట. మీ నాన్న పతకాన్ని సంచిలో వేసుకుని ఆఫీసుకి తీసుకెళ్ళకు. ఎందుకని అడక్కు. బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నవంబరాఖరుకి నా రిటైర్మెంటు. అప్పటిదాకా నా బల్ల జోలికి ఎవరూ రాకుండా ఉంటే నాకదే పదివేలు.

పిన్ని నిన్ను సన్నబడ్డావంటోంది. నీ దస్తూరీ చూసి చెప్పిందట.

బాబాయ్


మార్చి 6

బాబాయ్‌కి,

నీ ఉత్తరం పైకి నవ్వుతోంది గానీ, లోపల నీకు బాధగా ఉందని నాకర్థమైంది. నా బల్ల జోలికి రాకుండా ఉంటే చాలు అన్నావు చూడు, ఆ మాట నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. పని తగ్గితే కార్ఖానా మూసేస్తారని నీ భయం. ఏం ఫర్వాలేదు. పోయిన మీటింగులో నేనే నోరు తెరిచి, పతకాలు మరీ తగ్గిస్తే చేతిపనివాళ్ళు దెబ్బతింటారు, కనీసం రెండు వందలుండాలి అని చెప్పాను. జడ్జిగారు నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించి నన్ను చూశారు. రాసుకోమన్నారు.

నాన్న పతకం ఎందుకు దాచమన్నావో కూడా తెలిసింది! గ్రహీత పోయిన ఆరు నెలల్లో పతకం ప్రభుత్వానికి తిరిగిచ్చెయ్యాలట. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారే, ఆరేళ్ళుగా మనం దొరలం. ఆ నిబంధన తీసేసి, పతకం కుటుంబానిదే అని మార్చబోతున్నారు. అయినా మారేదాకా రూలు రూలే కదా, నేను కార్యదర్శిని. నెల తిరిగేలోగా నాన్నది ఇచ్చేస్తాను. మారాక మళ్ళీ తెచ్చుకుంటాను.

ఆ తిరిగొచ్చిన పతకాలు కింద గదిలో సొరుగుల్లో ఉన్నాయి, పంతొమ్మిది వందల చిల్లర. వాటిని చూసుకునే ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ పరీక్షించి, ఒక వింత పట్టుకొచ్చాడు. తొమ్మిది పతకాలకి మాత్రం, రిబ్బను వేలాడే కొక్కెం ఉంటుందే, దాని కిందే అంచు మీద ఆవగింజలో సగమంత చుక్క ఉంది. మిగతావాటికి లేదు. కమిటీలో మీసాలాయన ఒకాయనున్నారు, "ఇది లంచం గుర్తు, డబ్బిచ్చినవాళ్ళకి పెట్టుంటారు, విచారణ వెయ్యండి" అని ఒకటే గొడవ. "ఉండండి, మా బాబాయ్ అక్కడే చెక్కుతాడు, ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు" అన్నాను గొప్పగా. పోతపోసేటప్పుడు వచ్చే లోపమా అది? వెంటనే రాయి.

నీ ఎలక


మార్చి 13

ఎలకా,

నీ బుర్ర ఎవరికిచ్చావు? నా కోసం రెండు వందల పతకాలా? దేశం బాబాయ్ చేతిపని కోసం అనర్హులకి పతకాలివ్వాలా? ఇంతా చదివించింది ఇందుకేనా మీ నాన్న! ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు మార్కెట్టులో తిరిగి, సొంత మేనమామ కొట్లో తక్కువ తూగిన రాయి పట్టుకుని రాతపూర్వకంగా కేసు రాశాడు. మామయ్య రెండేళ్ళు మన గడప తొక్కలేదు. ఆయన కూతురివి, నువ్వేమో తూకంలో వేలు పెట్టావు. రేపే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో. నాకు కార్ఖానా బెంగా లేదు, బెల్లం బెంగా లేదు.

ఇక ఆ చుక్క సంగతి. వెండి ఉంది చూశావూ, అది కరిగినప్పుడు గాలి పీలుస్తుంది. చల్లారేటప్పుడు ఆ గాలి బుడగై ఎక్కడో ఓ చోట బయటికొస్తుంది. అంతే. ఇంత చిన్నదానికి విచారణ ఏంటి, గోరంతలు కొండంతలు చెయ్యడం కాకపోతే? భూతద్దం ఆయనకి వేరే పని చెప్పమను.

ఇక్కడ అందరం కులాసా. మెరుగక్క మోకాలు నొప్పి అంటోంది. పిన్ని కిటికీకి రంగు వెయ్యమంటోంది, నేను వినపడనట్టు కూర్చున్నాను. చెవులు పోవడంలో సుఖం అదొక్కటే.

బాబాయ్


మార్చి 27

బాబాయ్,

నీ బుడగ కథ నేను నమ్మాను. నమ్మి, రెండు వందల మాట వెనక్కి తీసుకుని, దీన్ని ఉన్నదున్నట్టు కమిటీలో చదివాను. లోహాల పరీక్షకి పిలిచిన ఆయన పగలబడి నవ్వాడు. పంతొమ్మిది వందల పతకాల్లో తొమ్మిదింటికే, తొమ్మిదింటికీ ఒకే చోట, ఒకే లోతున వచ్చే బుడగ ఆయన సర్వీసులో చూడలేదట. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నీ జవాబు.

తర్వాత జడ్జిగారు ఆ తొమ్మిది పేర్లూ పైకి చదవమన్నారు. చదివాను. స్కూల్లో వండిపెట్టే ఆవిడ. మురుగు కాలవల మేస్త్రీ. రాత్రి బడి పెట్టిన చెప్పులు కుట్టే ఆయన. చూపులేని పిల్లలకి చేత్తో పుస్తకాలు తయారుచేసిన గుమాస్తా. తొమ్మిదిమందిలో ఒక్కరికీ కుర్చీ లేదు. లంచమివ్వడానికి అసలు వాళ్ళ దగ్గర ఏముంది?

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నా కాపీ పుస్తకంలో ఏ పేజీ బాగా రాస్తే ఆ పేజీ మూల పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, "ఇది తూగింది" అనేవాడివి. పుస్తకానికి రెండో మూడో చుక్కలు. ఎంత ఏడ్చినా నాలుగోది పెట్టేవాడివి కాదు. బాబాయ్, ఆ చుక్కలు నీవే.

ఆ సాయంత్రం భూతద్దం ఆయన్ని బతిమాలి అద్దం ఇంటికి తెచ్చుకున్నాను. తిరిగిచ్చే ముందు నాన్న పతకం తీసి, కొక్కెం కింద చూశాను. కిటికీ దగ్గర చూశాను, దీపం కింద చూశాను. లేదు.

ముప్ఫై ఏళ్ళు! సొంత మేనమామ మీద కేసు రాశాడని నువ్వే రాశావు కదా పోయిన ఉత్తరంలో. మరి చెప్పులు కుట్టే ఆయన తూగాడు, కాలవల మేస్త్రీ తూగాడు, నీ అన్నయ్య తూగలేదా? నిన్ను వేలు పట్టుకుని ఆ కార్ఖానాలో చేర్పించింది ఆయనే. నాకు చాలా కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. పిన్ని ఇది ముందు చదివినా ఫర్వాలేదు.


మార్చి 30

బాబాయ్,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఇవాళ పొద్దున జడ్జిగారి గదికి వెళ్ళి, ఆ చుక్క పెట్టింది మా బాబాయే, ఆయన మాకు చెప్పిన బుడగ అబద్ధం, ఇక ఈ విషయం నడిచినంతసేపు నేను గదిలో ఉండకూడదు అని చెప్పేశాను. ప్రభుత్వ పతకం మీద అనుమతి లేకుండా గుర్తు పెడితే ఉద్యోగం, పింఛను రెండూ పోతాయట. అది తెలిసే చెప్పాను.

నిజాయితీ కొద్దీ చెప్పానో, నాన్న పతకం కోపం కొద్దీ చెప్పానో నాకే తెలియట్లేదు. తిట్టాలనుకుంటే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

ఎలక


ఏప్రిల్ 1

ఎలకమ్మా,

నీ ఇరవై ఏడో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. పిన్ని చదివి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడలేదంటేనే తెలిసింది ఎంత పెద్ద తప్పు చేశానో.

అవును, చుక్కలు నావే. మొత్తం పద్నాలుగు. తొమ్మిది మీ సొరుగుల్లో ఉన్నాయి, మిగతా ఐదుగురూ ఇంకా బతికున్నారు. బుడగ కథ పచ్చి అబద్ధం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాను. క్షమించు.

ఎలా మొదలైందో చెప్తాను. మీ నాన్న ఏటా కొట్లన్నీ తిరిగి తూకపు రాళ్ళు పరీక్షించి, సరిగ్గా తూగిన రాయికి ముద్ర వేసేవాడు. ముద్ర లేని రాయి తక్కెట్లో పెట్టకూడదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు వరసగా అరవై 'విశిష్ట సేవలు' చెక్కాక, స్కూల్లో వండే ఆవిడ కాగితం వచ్చింది. ఎవరో టీచరు రాసింది. 'రోజూ మూడు వందలమందికి వండి, మాడినది తన కంచంలో పెట్టుకుంటుంది' అని ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. సెలవు పెట్టి బస్సెక్కి వెళ్ళి చూశాను. నిజంగానే మాడిందే తింటోంది. వచ్చి, సన్న మొన ఉలి తీసుకుని, కొక్కెం కింద ఒక్క దెబ్బ వేశాను. తూగింది అని. అప్పట్నుంచి ఏ కాగితంలోనైనా మనిషి కనిపిస్తే, ఆదివారం వెళ్ళి నా కళ్ళతో చూసొచ్చేవాణ్ణి. చూడకుండా ఒక్క చుక్క పెట్టలేదు.

ఈ సంగతి తెలిసింది మీ నాన్నకొక్కడికే. ఆయన పతకం అందుకున్న సాయంత్రం నేరుగా కార్ఖానా గేటు దగ్గరికొచ్చాడు. నా జేబులో భూతద్దం లాక్కుని కొక్కెం కింద చూశాడు. "లేదేంట్రా?" అన్నాడు.

"అన్నయ్యా, ముప్ఫై ఏళ్ళు పూర్తయినందుకిచ్చారు. నీ కాగితంలోనూ, నీ పక్క సీటువాడి కాగితంలోనూ ఒకటే వాక్యం. వాడు లంచగొండి అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిన్ను చూసి ఇచ్చింది కాదిది. దీని మీద ఎలా పెట్టను? పైగా నా సొంత అన్నవి" అన్నాను. అని నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

ఆయన గేటు పట్టుకుని నవ్వాడు. "బతికించావురా. దీనికి పెట్టుంటే నీ మిగతావన్నీ దొంగ ముద్రలే అయ్యుండేవి" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కమాటన్నాడు. "ఆ కాగితం రాసినవాడు ఒక్కరోజు మార్కెట్టుకొచ్చి ఏ కూరగాయలావిణ్ణి అడిగినా చెప్పేదిరా." ఆ మాట నాకు ఈ రోజుకీ ముల్లులా గుచ్చుకుంటుంది. ఎవరూ వెళ్ళి అడగలేదు ఎలకా. తమ్ముణ్ణి కదా, నేను అడిగితే బాగోదని నేనూ వెళ్ళలేదు.

రేపు నువ్వు వెళ్ళి నా పేరు చెప్పెయ్యి. దాచావంటే మీ నాన్న పైనుంచి మనిద్దరి మీదా కేసు రాస్తాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి భయపడితే ఎలా? పిన్నికి కూడా చెప్పేశాను. "పింఛను పోతే కిటికీలకి రంగులేసి బతుకుదాం, ముందు మనింటి కిటికీ వెయ్యి" అంది.

బాబాయ్


ఏప్రిల్ 6

బాబాయ్,

నువ్వు చెప్పమన్నావు, నేనేమో అప్పటికే చెప్పేశాను. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని మూడుసార్లు చదివాను. భూతద్దం ఆయన వచ్చి మంచినీళ్ళిచ్చాడు.

నాన్న నవ్వాడని రాశావు చూడు, అది చాలు. ఆయన నవ్వు నాకు వినపడింది. ఇంకా కొంచెం కోపం మిగిలే ఉంది, పూర్తిగా పోయాక చెప్తాను. పతకం నిన్న సొరుగులో అప్పజెప్పి రసీదు తీసుకున్నాను.

కమిటీ వచ్చే నెల మీ కార్ఖానాకే వస్తోంది. నేను రాకూడదు. మీసాలాయనకి ఎదురు మాట్లాడకు. దయచేసి బుడగల గురించి అసలు ఎత్తకు.

నీ ఎలక


మే 9

ఎలకమ్మా,

వచ్చారు, వెళ్ళారు. నేనింకా ఉన్నాను.

మీ జడ్జిగారు తిన్నగా వచ్చి నా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అది ఒక కాలు పొట్టిది, అటూ ఇటూ ఊగుతుంది. సూపర్వైజరు పరుగెత్తుకెళ్ళి పెద్ద కుర్చీ తెచ్చాడు. "కుర్చీలతోనే కదండీ వచ్చింది ఈ చిక్కంతా, వద్దు" అన్నారు. అక్కడే నాకావిడ నచ్చేసింది.

మీసాలాయన మొదలుపెట్టాడు. "ఎవరికివ్వాలో తేల్చడానికి మీరెవరు?"

"ఎవర్నీ కాదండి, చెక్కేవాణ్ణి" అన్నాను.

"మరి ఆ గుర్తు ఎవరికోసం? ఎవరికీ కనపడదు కదా?"

"నా కోసమేనండి. నాలుగు వందల అబద్ధాలు చెక్కే చెయ్యి, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక నిజం చెక్కకపోతే పడిపోతుందండి."

ఎదురు మాట్లాడొద్దన్నావు, తెలుసు. అది ఎదురు కాదు, జవాబు. జడ్జిగారు మాత్రం ఒకటే అడిగారు, ఎలా తేల్చుకునేవారు అని. వెళ్ళి చూసేవాణ్ణని చెప్పాను. బస్సు నంబర్లతో సహా చెప్పాను. ఆవిడ రెండు కళ్ళజోళ్ళూ తీసేసి, "ఇన్నేళ్ళలో ఈ పతకాల విషయంలో ఎక్కడికైనా వెళ్ళి చూసిన మనిషి ఈయనొక్కడేనన్నమాట" అన్నారు. మీసాలాయన మీసం దువ్వుకున్నాడు. వెనకనుంచి మెరుగక్క, "ఆదివారం వెళ్ళొచ్చి సోమవారం నిద్రమొహంతో కూర్చునేవాడు, నేనే రెండు టీలు తాగించేదాన్ని, అవి కూడా రాసుకోండి" అంది.

తీర్పు ఏంటంటే, తప్పు తప్పే. రాతపూర్వకంగా మందలింపు, నా ఫైల్లో పడింది. ఇకపైన చుక్క పెట్టకూడదు. ఉలి సూపర్వైజరు సొరుగులో ఉంటుంది, రిటైరైతే నాకిస్తారు. ఉద్యోగం పోలేదు. పింఛనూ పోలేదు. ఆ మాట వినగానే పిన్ని ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని కిటికీ రంగు డబ్బా నా ముందు పెట్టింది.

బాబాయ్


సెప్టెంబరు 15

బాబాయ్‌కి,

నివేదిక ఆమోదించారు! కుర్చీ పతకాలు పూర్తిగా రద్దు. ఇన్నాళ్ళూ ఉన్న ఏడు తరగతుల పతకాలూ తీసేసి ఒక్కటే పతకం. ఏ మనిషైనా ఏ మనిషి పేరైనా పంపొచ్చు. ఆ మనిషి చేసిన పని కళ్ళారా చూసిన ముగ్గురు, చుట్టాలు కానివాళ్ళు, ఏం చూశారో సొంత మాటల్లో రాయాలి. 'విశిష్ట సేవలు' అని రాస్తే ఫారం వెనక్కి పంపేస్తాం. ఆ తర్వాత ఒకరు వెళ్ళి చూసి రావాలి. ఈ ఆఖరి నిబంధనకి లోపల అందరూ 'ఆదివారం బస్సు' అని పేరు పెట్టుకున్నారు. నేను పెట్టలేదు, ఒట్టు.

పోయినవాళ్ళ పతకాలు ఇక కుటుంబాలవే. నాన్నది మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు సంచిలో వేసుకుని తిరగట్లేదు. కోపం కూడా పోయింది. చెప్తానన్నాను కదా, అందుకే రాస్తున్నాను.

నీ ఎలక


నవంబరు 4

ఎలకమ్మా,

కొత్త పద్ధతిలో మొదటి జాబితా వచ్చింది. నలభై ఆరు పేర్లు. కాగితాలు చదవడానికి రెండు రోజులు పట్టింది. ఒకావిడ ఎవరూ లేని రోగుల తరఫున వాళ్ళ బంధువులకి ఉత్తరాలు రాస్తుందట, జవాబు రాకపోతే జవాబు కూడా తనే రాస్తుందట. అది చదివి మెరుగక్క గుడ్డతో పతకం తుడవబోయి మొహం తుడుచుకుంది. నల్లటి మెరుగు ముక్కుకంతా పూసుకుంది. నవ్వలేక చచ్చాను.

అలవాటు కొద్దీ ఇద్దర్ని చూడ్డానికి ఆదివారం బస్సెక్కాను. అప్పటికే ఎవరో వచ్చి చూసెళ్ళారట. కొంచెం ఉడుక్కున్నాను కూడా. మొత్తం చెక్కాక, పాత లెక్కన ఎన్నింటికి చుక్క పడేదా అని చూసుకున్నాను. మూడొంతులకి పైనే పడేది. మణికట్టు పోయేది.

సూపర్వైజరు పాపం మంచివాడు, నా ఉలి ముందే ఇచ్చేశాడు. దాన్ని ఈ పొట్లంలో నీకు పంపిస్తున్నాను. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు, పిన్ని కంచాల మీద కూడా తూగిందో లేదో చూస్తాను. ఆవిడ వంటకి మార్కులెయ్యడం మొదలుపెడితే నా గతేంటో నీకు తెలుసు. నీ దగ్గరుంచు. ముప్ఫయ్యో తారీఖు ఆఖరి రోజు.

బాబాయ్


నవంబరు 26

బాబాయ్‌కి,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. ఆఖరి రోజు మెరుగక్క నీ చేతికిస్తుంది, ఉలితో సహా. ఉలి ఎందుకు తిరిగొచ్చిందని అరవకుండా ముందు ఇది చదువు.

కొత్త ఫారం ఒకటి నింపాను. కమిటీకి పంపలేదు, పంపను కూడా. అన్న కూతుర్ని కాబట్టి సంతకం కూడా చెయ్యలేదు. సాక్షులు ముగ్గురూ చుట్టాలు కారు. మొదటిది మెరుగక్క. 'పేరు చిన్నదైనా పెద్దదైనా ఒకే లోతున చెక్కేవాడు, చూశాను' అని రాసిచ్చింది. రెండు, మీ గేటు కాపలాయన. 'మందలింపు కాగితం వచ్చిన రోజు కూడా టైముకే వచ్చాడు' అన్నాడు. మూడోవాడు నీ చుక్క ఉన్న ఐదుగురిలో ఒకడు, రేవులో డబ్బులు తీసుకోకుండా రోగుల్ని దాటించే పడవాయన. ఆయన దగ్గరికి ఆదివారం నేనే బస్సెక్కి వెళ్ళాను. పన్నెండేళ్ళ కిందట ఒకాయన వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని, పేరు చెప్పకుండా, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడట. 'నా పని అంతసేపు చూసినవాడు ఇంకోడు లేడు' అని చెప్పాడు. ఆయనకి రాయడం రాదు. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాను.

ఇప్పుడు ఉలి పిడి చూడు, ఇత్తడి కట్టు మీద. మెరుగక్క మేకుతో కొట్టింది. నేను ముట్టుకోలేదు, బంధువుని.

నీ ఎలక


డిసెంబరు 2

ఎలకమ్మా,

చూశాను. చుక్క వంకర. పక్కన గీత కూడా పడింది. మెరుగక్కకి మెరుగు పెట్టడం తప్ప ఇంకేం రాదని ఇరవయ్యేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. అందరి ముందూ భూతద్దం తీసి చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. సూపర్వైజరు భయపడి నీళ్ళు తెచ్చాడు. పిన్నికి చూపిస్తే, "అరవయ్యేళ్ళకి తూగావు, సంతోషం" అంది. అని తనూ భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది.

సరే, అసలు విషయం. నీ దగ్గర ఖాళీ ఫారాలుంటాయి కదా, ఒకటి పంపు, నువ్వు నింపినట్టే, కమిటీకి కాదు, మన కోసం. ఇక నాకు పని లేదు. పొద్దున్నే మార్కెట్టుకెళ్తాను. మీ నాన్న ముద్రలేసిన రోజుల్లో కొట్లు పెట్టినవాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు, ఒక కూరగాయలావిడ కూడా ఉందట. ఆయన గురించి అడగాల్సిన ప్రశ్న పదేళ్ళు ఆలస్యమైంది, ఇప్పుడైనా అడుగుతాను. తమ్ముణ్ణి కాబట్టి నేను సంతకం చెయ్యను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తాను, ఒక్క ముక్క కలపను. తూగకపోతే తూగలేదనే రాస్తాను.

ముగ్గురు దొరికితే కబురు చేస్తాను. అప్పుడు పతకం సంచిలో వేసుకుని నువ్వు రా. అది ఇప్పుడు ప్రభుత్వానిది కాదు, మనదే కదా, చుక్క మెరుగక్క పెడుతుంది, ఈ లోపల తిన్నగా కొట్టడం నేర్పిస్తాను. మనిద్దరం చుట్టాలం కదా, చేతులు కట్టుకుని పక్కన నిలబడదాం.

బాబాయ్